చెంచా, గడియారం: పిలకాయలకి మోషన్స్, దగ్గు పట్టుకుంటే ఇంట్లో ఏం చేయాలి

రాష్ట్రంలో మిగతా చోట్ల వానలు వెనకబట్టాక మా కావలి వైపు మొదలవుతాయి. దీపావళి దాటి ఒక వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు ముసురు, కాలవలు పొంగి కుళాయి గుంటల్లోకి మురుగు. ఆ తర్వాత వారం వీధిలోకి వెళ్లి చూడండి. ఒకింట్లో బిడ్డకి మోషన్స్, పక్కింట్లో బిడ్డకి దగ్గు. కొన్ని ఇళ్లల్లో ఒకే బిడ్డకి రెండూ.

ఐదేళ్లలోపు పిల్లల ప్రాణాలు తీసే జబ్బుల్లో ఈ రెండూ ముందు వరసలో ఉన్నాయి. మనవాళ్లు నెమ్ము అనే న్యుమోనియాతో ప్రపంచంలో ఏడాదికి ఏడు లక్షల మందికి పైగా, విరేచనాలతో నాలుగు లక్షల మందికి పైగా పోతున్నారు. విరేచనాల్లో బిడ్డని పడగొట్టేది ఒంట్లోంచి పోయే నీళ్లు, ఉప్పు. వాటిని చెంచాతో తిరిగి పోయాలి. నెమ్ముని ముందుగా పట్టిచ్చేది ఊపిరి వేగం. దాన్ని గడియారంతో లెక్కపెట్టాలి. రెండూ మనింట్లో ఉన్నవే. వాడటం తెలియక నేను ఒకసారి పెద్ద తప్పే చేశాను, ముందు అది చెప్తాను.

మా పెద్దాడికి అప్పుడు ఎనిమిది నెలలు. పొద్దుటి నుంచి నాలుగు మోషన్స్. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చి, చించి, సగం పొడి ఒక గ్లాసు నీళ్లలో కలిపాను. మిగతా సగం రేపటికని మడిచి డబ్బాలో పెట్టాను. చెంచాతో పోస్తుంటే వాడు తాగుతాడు, మొహం చిట్లిస్తాడు, ఇంకా దాహమని ఏడుస్తాడు. సాయంత్రం ఆశా కార్యకర్త వచ్చి గ్లాసులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "ఏమ్మా, ఇది ఓఆర్ఎస్సా, సముద్రం నీళ్లా?" అంది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూపించింది. ఒక లీటరు నీళ్లకని తెలుగులోనే రాసుంది. డిగ్రీ చదివిన నేను ఆ ఒక్క లైను చదవలేదు. పొడి ఎక్కువై నీళ్లు తక్కువైతే ఒంట్లో ఉప్పు పెరిగిపోతుంది, మందే విషమవుతుంది. మరీ పల్చగా కలిపితే పని చేయదు.

ముందు ఒక మాట. రెండు నెలలు నిండని పసిబిడ్డకి మోషన్స్ పట్టుకున్నా, ఊపిరి వేగంగా ఉన్నా, పాలు తాగడం తగ్గినా ఇంటి వైద్యం వద్దు. పాలిస్తూనే నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కింద రాసిందంతా రెండు నెలలు దాటిన పిల్లలకి.

అవి విరేచనాలేనా?

రోజుకి మూడు, అంతకంటే ఎక్కువసార్లు నీళ్లలా వెళ్తే విరేచనాలు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ పసుప్పచ్చగా, మెత్తగా నాలుగైదుసార్లు వెళ్లడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. ఎప్పుడూ వెళ్లేదానికీ ఇప్పుడు వెళ్లేదానికీ తేడా తల్లికి తెలుస్తుంది. "పళ్లొస్తున్నాయి కదా, అట్టాగే ఉంటుంది" అని పెద్దవాళ్లు అంటారు. ఆ వయసులో బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, మోషన్స్ అక్కడినుంచి వస్తాయి. పళ్ల మీదికి నెట్టేసి రెండు రోజులు ఊరుకోకండి.

ఓఆర్ఎస్ కలపడం

చేతులు సబ్బుతో కడుక్కోండి. నీళ్లు మరగనిచ్చి, తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం ఉంచి, చల్లార్చండి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ భయంతో అందరూ క్యాన్ నీళ్లే తాగుతారు. ఆ నీళ్లు వాడొచ్చు, కానీ క్యాన్‌లో గ్లాసు ముంచి తీసే అలవాటుంటే అవీ మరగబెట్టుకోవడమే మంచిది.

కొలతకి నేను ఖాళీ వాటర్ బాటిల్ వాడతాను, లీటరని దాని మీదే ఉంటుంది. పెద్ద ప్యాకెట్ లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. మీ చేతిలో ఉన్నది ఏదో చదివి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. నాలాగా సగం దాచుకోవద్దు. పంచదార, పాలు, జ్యూస్ ఏవీ కలపకూడదు. కలిపాక మరగబెట్టకూడదు. మూత పెట్టి ఉంచండి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. కలిపిన టైము బాటిల్ మీద పెన్నుతో రాస్తే ఎప్పుడు కలిపామన్న గొడవ ఉండదు.

ప్యాకెట్ దొరకని రాత్రి అయితే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. చెంచాలు గోపురం కట్టకుండా పైన చదునుగా గీయండి. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. తెల్లారాక ప్యాకెట్ తెచ్చుకోండి.

ఇంకోటి. షాపులో ఓఆర్ఎస్ అడిగితే పండ్ల బొమ్మలున్న తియ్యటి డబ్బా చేతిలో పెట్టే రోజులు చాలాకాలం నడిచాయి. అందులో పంచదార ఎక్కువ, ఉండాల్సిన ఉప్పు తక్కువ. పంచదార పేగుల్లోకి నీళ్లు లాగి మోషన్స్‌ని ఇంకా పెంచుతుంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇట్లాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని చెప్పింది. మీరు మాత్రం పొడి ప్యాకెట్టే అడగండి, దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

ఇంత మామూలు పొడి ఎట్లా పని చేస్తుందంటే, విరేచనాల్లో పేగు పాడైనా గ్లూకోజ్, ఉప్పు సరైన పాళ్లలో కలిసి వస్తే రెండింటినీ లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లు పోతాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపి తాగించారు. పోతాయనుకున్న ప్రాణాలు ఎన్నో నిలబడ్డాయి. "తాగించేది ఏం పని చేస్తుందిలే, ఒక సెలైన్ పెట్టించండి" అనే బంధువులకి నేను ఈ కథే చెప్తాను. బిడ్డ తాగగలిగితే నోటిదారే మంచిది.

తాగించడం

ఓర్పు కావాల్సింది ఇక్కడ. పాలసీసాలో పోసి నోట్లో పెట్టకండి. ఉగ్గుగిన్నె, చెంచా తీసుకోండి. బిడ్డని ఒళ్లో తల కాస్త ఎత్తుగా పెట్టుకుని నిమిషానికి, రెండు నిమిషాలకి ఒక చెంచా. నీళ్లలా వెళ్లిన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో పావు నుంచి సగం. రెండేళ్లు దాటితే సగం నుంచి నిండు గ్లాసు. అడిగితే ఇంకా ఇవ్వండి.

వాంతి చేసుకుంటే చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆపొద్దు. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి రెండు మూడు నిమిషాలకి ఒక చెంచా చొప్పున. గ్లాసు ఎత్తి గటగటా తాగించడం వల్లే సగం వాంతులు. మా రెండోదానికి మోషన్స్ వచ్చిన రాత్రి నేనొక గంట, వాళ్ల నాన్న ఒక గంట షిఫ్టులేసుకుని చెంచాతో పోశాం. తెల్లారేసరికి బాటిల్‌లో ముప్పావు అయిపోయింది. అది లేచి పాలు కావాలని గొడవ చేసింది.

తల్లిపాలు ఎప్పట్లాగే, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. ఆరు నెలలు దాటిన బిడ్డకి ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ ఇవ్వొచ్చు. కూల్‌డ్రింక్, టీ, కాఫీ వద్దు.

జింక్ పద్నాలుగు రోజులు

ఓఆర్ఎస్‌తో పాటు జింక్ బిళ్లలు కూడా పీహెచ్‌సీలో, ఆశా దగ్గర ఉచితంగా ఇస్తారు. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకి రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆ పైన ఐదేళ్ల వరకు 20. బిళ్ల 20 మిల్లీగ్రాములదైతే చిన్నవాళ్లకి సగం. చెంచాలో తల్లిపాలో, మరగబెట్టి చల్లార్చిన నీళ్లో పోసి అందులో వేస్తే కరిగిపోతుంది. మోషన్స్ మూడోరోజు ఆగాయని చాలామంది బిళ్లలు కూడా ఆపేస్తారు. పద్నాలుగు రోజులూ వేస్తేనే పేగు కోలుకుంటుంది, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ రావడం తగ్గుతుంది. మా ఇంట్లో క్యాలెండర్ మీద పాల లెక్క రాసే గడిలోనే జింక్‌కి ఒక టిక్కు పెట్టేదాన్ని. పాలు మర్చిపోం కాబట్టి బిళ్లా మర్చిపోలేదు.

తిండి ఆపొద్దు

ఈ విషయంలో మా అత్తకీ నాకూ పెద్ద పేచీ. "కడుపు ఖాళీగా ఉంటే సర్దుకుంటుంది, బార్లీ తప్ప ఏం పెట్టొద్దు" అంటుంది. ఆవిడ పెంచిన నలుగురూ నిక్షేపంగా ఉన్నారు కాబట్టి ఎదురు చెప్పడం కష్టమే. కానీ తిండి ఆపితే బిడ్డ నీరసించి, బరువు తగ్గి, తర్వాతి జబ్బుకి దొరికిపోతుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకి మెత్తగా పిసికిన పప్పన్నంలో కాస్త నెయ్యి, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ ఏదైనా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట అదనంగా పెట్టండి. చివరికి మా అత్తని ఒప్పించింది ఏఎన్ఎం. "అత్తా, మీరు చెప్పిన బార్లీ ఇద్దాం, దాంతోపాటు అన్నం కూడా పెడదాం" అంది. నాకు తట్టని తెలివి.

మోషన్స్ కట్టేసే బిళ్లలు పిల్లలకి ఇవ్వకూడదు. మామూలు నీళ్ల విరేచనాలకి యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తాయి, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయదు. రక్తం పడితే సంగతి వేరు, అప్పుడు డాక్టరే మందు రాయాలి.

నీళ్లు తగ్గాయని ఎట్లా తెలుస్తుంది

కళ్లు లోపలికి పోతాయి. ఏడిస్తే నీళ్లు రావు. మాడు గుంట పడుతుంది. ఉచ్చ తగ్గుతుంది. బొడ్డుకి, పక్కకి మధ్యలో పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో పైకి పట్టి వదలండి. టక్కున పోతే బాగుంది. మెల్లిగా పోతూ, బిడ్డ చిరాకు పడుతూ నీళ్లు ఆబగా తాగుతుంటే నీళ్లు తగ్గుతున్నాయి. వెంటనే పీహెచ్‌సీకి వెళ్లండి. అక్కడ బరువు చూసి కిలోకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో తాగిస్తారు, ఎనిమిది కిలోల బిడ్డకి 600 మిల్లీలీటర్లు. చర్మం మడత రెండు సెకన్లు దాటినా పోకుండా, బిడ్డ మత్తుగా పడి ఉండి తాగలేకపోతే క్షణం ఆలస్యం చేయొద్దు, 108కి ఫోన్ చేయండి. మాడు పడిందని మందు పెట్టించడానికి ఇంకో ఊరు తీసుకెళ్లిన ఇళ్లు నేను చూశాను. మాడు పడటం జబ్బు కాదు, నీళ్లు తగ్గిన గుర్తు. నీళ్లు ఎక్కితే అదే లేస్తుంది.

ఇక గడియారం

దగ్గుకి జనం చూసేది జ్వరం, చూడాల్సింది ఊపిరి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క తప్పుతుంది. నిద్రపోయేవరకో, నిమ్మళంగా ఒళ్లో ఉండేవరకో ఆగండి. చొక్కా పైకి తీసి పొట్ట మీద వెలుతురు పడేట్టు చూసుకోండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. నిండా అరవై సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు, పసివాళ్ల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. అనుమానంగా ఉంటే ఇంకోసారి లెక్కపెట్టండి.

రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకి నిమిషానికి 50, అంతకు పైన ఉంటే వేగమే. ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, అంతకు పైన. రెండు నెలల్లోపు పసివాళ్లకి 60. దగ్గుతోపాటు ఇంత వేగం కనిపిస్తే జ్వరం ఉన్నా లేకపోయినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. నెమ్ము అయితే యాంటీబయాటిక్ కావాలి, ఎంత డోసు, ఎన్ని రోజులు అన్నది బిడ్డ బరువు చూసి వాళ్లే చెప్తారు. పోయినసారి మిగిలిన సీసాలోది ఇంట్లో పోయకండి.

లెక్కకంటే ముందు కంటికి కనిపించేది ఇంకోటుంది. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంట పడుతుందా అని చూడండి. మామూలుగా అది బయటికి రావాలి. డొక్కలు ఎగరేస్తున్నాడని మనవాళ్లు అనేది దీన్నే. ఇది కనిపిస్తే లెక్కతో పని లేదు, బయల్దేరండి. ముక్కుపుటాలు ఎగరడం, మూలుగు, పెదాలు నీలంగా మారడం, ఊరికే ఉన్నప్పుడు కూడా ఊపిరి పీలిస్తే గుర్రుమనే చప్పుడు రావడం కూడా అంతే. పిల్లికూతలు వినిపిస్తే అది ఉబ్బసం తరహాది కావచ్చు, దాన్నీ చూపించాల్సిందే. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసేందుకు వేలికి పెట్టే ఆక్సిమీటర్ పెద్దవాళ్లది పసిబిడ్డ వేలికి సరిగా కూచోదు, అందులో అంకె బాగుందని నమ్మి ఉండిపోకండి.

ఊపిరి మామూలుగా ఉండి, ముక్కు కారుతూ, ఆడుకుంటూ ఉంటే అది జలుబే. ముక్కు మూసుకుపోతే పాలు తాగలేరు కాబట్టి పాలకి ముందు సెలైన్ చుక్కలు వేసి మెత్తటి గుడ్డతో తుడవండి. ఏడాది దాటితే రాత్రి అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాదిలోపు బిడ్డకి తేనె నాకించకూడదు. దగ్గు సిరప్ రెండేళ్లలోపు పిల్లలకి అసలు వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది, ఐదేళ్ల వరకు కూడా మామూలుగా అక్కర్లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కల్తీ సిరప్ తాగి పసివాళ్లు చనిపోయింది మర్చిపోలేం.

జ్వరానికి పారాసెటమాల్ దగ్గర ఒక పెద్ద చిక్కు. చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 125, ఇంకోదాంట్లో 250. పది కిలోల బిడ్డకి ఒక డోసు 150 మిల్లీగ్రాములు. అంటే చుక్కలైతే ఒకటిన్నర మిల్లీలీటర్లు, 125 సిరప్ అయితే ఆరు. సిరప్ లెక్కన ఆరు మిల్లీలీటర్ల చుక్కలు పోస్తే నాలుగింతలు పోసినట్టు. సీసా మారినప్పుడల్లా డాక్టర్‌కి లేబుల్ చూపించి, ఎన్ని మిల్లీలీటర్లో అట్ట మీదే రాయించుకోండి. డోసుకీ డోసుకీ మధ్య ఆరు గంటలు.

ముక్కులో ఆముదమో, కొబ్బరినూనో వేయడం మా ఊళ్లల్లో ఇంకా ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే దాంతోనే నెమ్ము వస్తుంది. కర్పూరం కలిపిన నూనె పసిబిడ్డ ఛాతీకి రాయడం కూడా మానేయండి, కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్స్ తెప్పిస్తుంది. స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ పట్టడం మాన్పించడం మాత్రం నా వల్ల కాలేదు. చివరికి మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే, పొగ దేవుడి గదిలో వేస్తారు, బిడ్డ వసారాలో ఉంటుంది. పొదిలి, కందుకూరు వైపు బ్యారన్‌లో పొగాకు కాల్చే రోజుల్లో పసిబిడ్డని అక్కడ ఉయ్యాలేసి పడుకోబెట్టే తల్లులు, చీమకుర్తి క్వారీల దుమ్ము దారి పక్కన ఉండేవాళ్లు, కట్టెల పొయ్యి దగ్గర బిడ్డని ఒళ్లో పెట్టుకుని వండేవాళ్లు, అందరికీ ఇదే మాట. బిడ్డ పొగకి, దుమ్ముకి దూరంగా ఉండాలి. బీడీ కూడా బయటే.

ఎప్పుడు పరిగెత్తాలి

పాలు, నీళ్లు ఏమీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవని మత్తు, డొక్కలు ఎగరేయడం. వీటిలో ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108 పిలవండి. విరేచనంలో రక్తం ఉన్నా, పద్నాలుగు రోజులు దాటినా, మోషన్స్‌తోపాటు దగ్గూ ఆయాసం ఉన్నా, బిడ్డ బాగా సన్నబడి ఉన్నా, ఈమధ్యే తట్టు పోసి ఉన్నా పీహెచ్‌సీకి వెళ్లండి. అక్కడినుంచి అవసరమైతే నెల్లూరు పెద్దాసుపత్రికో, ఒంగోలు రిమ్స్‌కో పంపుతారు. దారిలో తాగగలిగితే చెంచాతో ఓఆర్ఎస్, తల్లిపాలు ఆపకండి. బిడ్డని వెచ్చగా చుట్టండి, ముక్కు మీద గుడ్డ పడకుండా చూడండి. ఎప్పటినుంచి మోషన్స్, ఊపిరి ఎంత లెక్క వచ్చింది, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు ఎన్నింటికి పోశారు, ఇవి చీటీ మీద రాసుకెళ్తే అక్కడ టెన్షన్‌లో మర్చిపోరు.

టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలకి. దేశంలో వీటిని ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2016లో. నెమ్ము రాకుండా పీసీవీ టీకా 6 వారాలకి, 14 వారాలకి, మళ్లీ 9 నెలలకి. తట్టు టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. అన్నీ అంగన్‌వాడీ దగ్గరో, పీహెచ్‌సీలోనో ఉచితమే. తప్పిపోయినవి ఉంటే ఏఎన్ఎంని అడగండి, ఆలస్యంగానైనా వేయగలిగినవి వేస్తుంది.

చివరగా, ఇంట్లో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక జింక్ షీటు, ఒక ఖాళీ లీటరు బాటిల్ ఒకే డబ్బాలో పెట్టుకోండి. వానాకాలానికి ముందు ఆ డబ్బా తెరిచి చూడండి. మన సముద్రం గాలికి పొడి గడ్డకట్టినా, రంగు మారినా, తేదీ దాటినా అది పారేసి ఆశా దగ్గర కొత్తది తీసుకోండి.